ప్రభుత్వానికి సరుకు అమ్మాలంటే ఏ దారి మేలు: జెమ్, టెండర్, పీఎస్‌యూ వెండర్, సబ్‌కాంట్రాక్ట్

ప్రభుత్వ ఆఫీసులకో పీఎస్‌యూలకో (ప్రభుత్వ రంగ సంస్థలకో) సరుకు ఇద్దామనుకునే చిన్న యూనిట్ వాళ్లు కలిసినప్పుడల్లా అడిగేది ఒకటే, "ఎక్కడ మొదలుపెట్టమంటారు?" అని. జెమ్‌లో, అంటే ప్రభుత్వ ఆఫీసులు ఆన్‌లైన్‌లో కొనే పోర్టల్‌లో, చేరమని ఒకరు చెప్పి ఉంటారు. టెండర్లు వేస్తేనే పెద్ద ఆర్డర్లు అని ఇంకొకరు, పీఎస్‌యూలో వెండర్‌గా నమోదైతే ఏళ్ల తరబడి పని ఉంటుందని మరొకరు, ఇవన్నీ ఎందుకు, కాంట్రాక్ట్ దక్కిన పెద్ద కంపెనీ కింద సబ్‌కాంట్రాక్ట్ తీసుకుంటే కాగితాల గోల ఉండదు కదా అని ఇంకో పెద్దమనిషి. వీళ్లలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఎవరి వ్యాపారానికి ఏది కలిసొచ్చిందో అది చెప్తున్నారు.

మాది స్టీల్ ర్యాకులు, అల్మరాలు చేసే యూనిట్. ఈ నాలుగు దారుల్లోనూ నడిచాం, రెండు చోట్ల దెబ్బ తిన్నాం. నాకు తెలిసొచ్చింది ముందే చెప్పేస్తాను. ఆర్డర్ ఎంత పెద్దదో చూసి దారి ఎంచుకోకండి. సరుకు దించిన రోజు నుంచి డబ్బు ఖాతాలో పడే రోజు దాకా మీరు ఎన్నాళ్లు నెట్టుకు రాగలరో చూసి ఎంచుకోండి.

## ముందు మీరు ఏ కోవలోకి వస్తారో చూసుకోండి

2025 ఏప్రిల్ 1 నుంచి పరిమితులు మారాయి. మెషినరీ, పరికరాల మీద పెట్టుబడి 2.5 కోట్లు, టర్నోవర్ 10 కోట్లు దాటకపోతే మైక్రో. పెట్టుబడి 25 కోట్లు, టర్నోవర్ 100 కోట్ల దాకా స్మాల్. 125 కోట్లు, 500 కోట్ల దాకా మీడియం. రెండు లెక్కల్లో ఏ ఒక్కటి దాటినా పై తరగతిలోకి వెళ్లిపోతారు.

అందరూ ఎంఎస్‌ఎంఈ అని ఒకే గాటన కట్టేస్తారు గానీ, ప్రభుత్వ కొనుగోళ్ల దగ్గర మైక్రో, స్మాల్ ఒక పక్క, మీడియం ఇంకో పక్క. 2012లో వచ్చిన ప్రొక్యూర్‌మెంట్ పాలసీ ప్రకారం కేంద్ర శాఖలు, కేంద్ర పీఎస్‌యూలు ఏడాది కొనుగోళ్లలో 25 శాతం మైక్రో, స్మాల్ యూనిట్ల నుంచి తీసుకోవాలి (మొదట్లో ఇది 20 శాతమే, 2018లో పెంచారు). అందులో 4 శాతం ఎస్సీ, ఎస్టీ యజమానుల నుంచి, 3 శాతం మహిళా యజమానుల నుంచి. 358 వస్తువులైతే పూర్తిగా ఈ చిన్న యూనిట్లకే రిజర్వు. టెండర్ ఫారం ఉచితం, ఈఎండీ (బిడ్‌తో పాటు కట్టే డిపాజిట్) మినహాయింపు కూడా ఉంది.

వీటన్నిటికంటే నిజంగా పనికొచ్చేది 15 శాతం నిబంధన. ఒక పెద్ద కంపెనీ 100 రూపాయలకు కోట్ చేసి ఎల్‌1, అంటే అందరికంటే తక్కువ రేటు, అయిందనుకోండి. మీరు 112 కోట్ చేశారు. ఎల్‌1 మీద 15 శాతం లోపు ఉన్నారు కాబట్టి, మీరు 100కు దిగడానికి ఒప్పుకుంటే మొత్తం క్వాంటిటీలో కనీసం 25 శాతం చిన్న యూనిట్ల వాటాగా వస్తుంది, మీలాంటి వాళ్లు ఇద్దరు ముగ్గురు ఉంటే దాన్ని పంచుతారు. అయితే 100కు దిగితే మీకు ఏమైనా మిగులుతుందా అన్నది బిడ్ వేసే ముందే లెక్క వేసి పెట్టుకోవాలి. ఫోన్ వచ్చాక కాలిక్యులేటర్ తీస్తే తొందరలో ఒప్పేసుకుంటాం.

ఇప్పుడు ఎవరికి వర్తించదో చూడండి, చాలామంది బోల్తా పడేది ఇక్కడే. మీడియం యూనిట్లకు లేదు. కొని అమ్మే ట్రేడర్లకు లేదు, 2021 నుంచి ట్రేడర్లకూ ఉద్యమ్ (ఎంఎస్‌ఎంఈ రిజిస్ట్రేషన్) సర్టిఫికెట్ ఇస్తున్నా అది బ్యాంకు రుణాల వరకే. సివిల్ వర్క్స్ కాంట్రాక్టులకు లేదు. పైగా ఇది కేంద్రం పాలసీ కాబట్టి రాష్ట్ర శాఖలు, మున్సిపాలిటీలు దీనికి కట్టుబడి ఉండవు, వాటి రూల్స్ వాటివి. వ్యాపారం పెరిగి స్మాల్ నుంచి మీడియంలోకి వెళ్లినవాళ్లకు మాత్రం ఒక ఊరట ఉంది. 2022లో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం పన్నేతర ప్రయోజనాలు ఇంకో మూడేళ్లు కొనసాగుతాయి.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, ఆధార్ నంబర్‌తో ఆన్‌లైన్‌లో అయిపోతుంది. దానికి డబ్బులు అడిగే వెబ్‌సైట్లకు కట్టకండి. ఒక్క విషయం మాత్రం శ్రద్ధగా చూడండి: సర్టిఫికెట్‌లో ఉన్న ఎన్‌ఐసీ కోడ్ (మీరు ఏ రకం పని చేస్తారో చెప్పే నంబర్), మీరు కోట్ చేస్తున్న వస్తువు ఒకదానికొకటి సరిపోవాలి. మా పాత సర్టిఫికెట్‌లో ఫ్యాబ్రికేషన్ కోడ్ ఒక్కటే ఉండేది. ఫర్నిచర్ బిడ్ వేస్తే "మీరు ఈ వస్తువు తయారీదారు కాదు" అని ఈఎండీ మినహాయింపు తిరస్కరించారు, రేటు చూడకముందే, టెక్నికల్ పరిశీలనలోనే బయటికి వచ్చేశాం. కోడ్ చేర్చుకోవడానికి పట్టింది పది నిమిషాలు.

## ఏం చూసి పోల్చాలి

నేను చూసేవి ఐదు. డబ్బు ఎన్ని రోజులకు వస్తుంది, లోపలికి వెళ్లడానికి ఎంత ఖర్చు ఎన్ని కాగితాలు, రేటు మీద ఎంత నలుగుతాం, డబ్బు రాకపోతే ఎవరిని పట్టుకోగలం, పని అయ్యాక మన చేతిలో ఏం మిగులుతుంది అంటే రేపు ఇంకో టెండర్‌లో చూపించుకునే అనుభవం సర్టిఫికెట్ వస్తుందా లేదా.

మొదటిదాని గురించి కాస్త వివరంగా చెప్పాలి. 10 లక్షల బిల్లు అనుకుందాం. 18 శాతం జీఎస్టీ అంటే 1.8 లక్షలు. ఇన్వాయిస్ కొట్టిన మరుసటి నెలలో ఆ జీఎస్టీ కట్టాలి, ఇన్‌పుట్ పోగా మిగిలింది చేతి నుంచే, బిల్లు పాస్ అయ్యిందా లేదా అన్నదానితో సంబంధం లేదు. ఓడీ (బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్) వడ్డీ ఏడాదికి 12 శాతం అయితే ఆ 10 లక్షల మీద నెలకు 10 వేలు. ఆరు నెలలు ఆగితే 60 వేలు, అంటే బిల్లులో 6 శాతం. మీరు వేసుకున్న మార్జిన్ 8 శాతం అయితే చివరికి మిగిలింది 2 శాతం. ఆర్డర్ గెలిచాం అని స్వీట్లు పంచిన రోజున ఈ 6 శాతం ఎవరికీ కనిపించదు. ఇంకా, కాంట్రాక్ట్ విలువ 2.5 లక్షలు దాటితే ప్రభుత్వ శాఖ 2 శాతం జీఎస్టీ టీడీఎస్ పట్టుకుంటుంది. అది పోదు, మీ జీఎస్టీ క్యాష్ లెడ్జర్‌లోకి వస్తుంది, కానీ జీఎస్టీ పోర్టల్‌లోకి వెళ్లి యాక్సెప్ట్ చేయాలి. అలా చేయక ఏళ్ల తరబడి వదిలేసినవాళ్లను చూశాను.

## జెమ్

2016 ఆగస్టులో మొదలైంది. అంతకుముందు కేంద్రానికి కొనుగోళ్లు చూసిన డీజీఎస్ అండ్ డీని మరుసటి ఏడాది మూసేశాక కేంద్ర శాఖల మామూలు కొనుగోళ్లకు ఇదే ప్రధాన ద్వారం, అక్కడ దొరికే వస్తువైతే కేంద్ర శాఖలు అక్కడే కొనాలి. చిన్న మొత్తాలకు నేరుగా కొనేస్తారు, కాస్త పెద్దవైతే కనీసం ముగ్గురు తయారీదారుల రేట్లు పోల్చి కొంటారు, ఆ పైన బిడ్ లేదా రివర్స్ ఆక్షన్, అంటే అమ్మేవాళ్లు పోటీపడి రేటు తగ్గించుకుంటూ పోయే వేలం.

కొత్తవాళ్లకు ఇంతకంటే సులువైన ద్వారం లేదు, ఈ మాట నమ్మకంగా చెప్తాను. ఉద్యమ్, పాన్, జీఎస్టీ, బ్యాంకు ఖాతా ఉంటే రిజిస్ట్రేషన్ ఒక పూటలో అవుతుంది. 2024 ఆగస్టు నుంచి 10 లక్షల లోపు ఆర్డర్లకు ట్రాన్సాక్షన్ చార్జీ కూడా లేదు. ఎవరినీ కలవనక్కర్లేదు, ఎవరి పరిచయమూ అక్కర్లేదు. మాకు మొదటి ఆర్డర్ మేం ఎన్నడూ చూడని జిల్లా ఆఫీసు నుంచి వచ్చింది.

కష్టమల్లా రేటు దగ్గర. దేశంలో ఏ మూల ఉన్నవాడైనా మీ పక్కనే కూర్చుని అమ్ముతున్నట్టు లెక్క. మామూలు సరుకైతే, అంటే కాగితం, కుర్చీలు, టోనర్, ఇలాంటివి, రివర్స్ ఆక్షన్ చివరి పది నిమిషాల్లో మనిషికి పట్టుదల వచ్చేస్తుంది, "ఇంకో వంద తగ్గిద్దాం" అంటూ నష్టంలోకి దిగిపోతాం. కింది రేటు ముందే కాగితం మీద రాసి, దాని మీద సంతకం పెట్టి, ఆక్షన్‌లో ఇంకొకరిని కూర్చోబెట్టండి. మేం అలాగే చేస్తున్నాం.

బిడ్ తెరిచాక రెండు చోట్ల ఆగి చదవండి. ఒకటి, అనుభవం, టర్నోవర్ నుంచి చిన్న యూనిట్లకు మినహాయింపు ఉందా అన్న లైన్, అక్కడ 'అవును' లేకపోతే కొత్త యూనిట్ వేసి లాభం లేదు. రెండు, చివర్లో కొనేవాళ్లు తగిలించే అదనపు షరతులు. మూడో అంతస్తుకు మోసి బిగించి ఇవ్వాలి, పాతవి తీసుకెళ్లాలి, అయిదేళ్ల వారంటీ, ఇలాంటివన్నీ అక్కడ ఉంటాయి. ఆలస్యమైతే వారానికి 0.5 శాతం చొప్పున 10 శాతం దాకా కోత.

ఇక డబ్బు. కాగితం మీద జెమ్ చాలా బాగుంటుంది: సరుకు అందాక 10 రోజుల్లో కొనుగోలుదారు సీఆర్‌ఏసీ, అంటే సరుకు అందింది, బాగుంది అనే సర్టిఫికెట్, ఆన్‌లైన్‌లో ఇవ్వాలి, ఇచ్చాక 10 రోజుల్లో డబ్బు. మాకు జరిగింది చెప్తాను. ఒక ఆఫీసుకు నలభై ర్యాకులు దించాం. తీసుకున్న ఉద్యోగి మరుసటి వారం బదిలీ అయ్యారు. కొత్తగా వచ్చినాయన లాగిన్ యాక్టివేట్ కాలేదు. సీఆర్‌ఏసీ రావడానికి అచ్చంగా 71 రోజులు పట్టింది, అది వచ్చిన తొమ్మిదో రోజున డబ్బు పడింది. అంటే చెల్లింపు ఆలస్యం కాలేదు, గడియారం మొదలవడమే ఆలస్యమైంది. అప్పటి నుంచి మా వాళ్లకు ఒకటే చెప్తున్నాను, లారీ వెనక్కి వచ్చే ముందు చలాన్ మీద తారీఖు, సంతకం, ఆఫీసు స్టాంపు మూడూ ఉండాలి.

## ఓపెన్ టెండర్

కేంద్రానికి సీపీపీపీ, రైల్వేకు ఐఆర్‌ఈపీఎస్, తెలంగాణకూ ఆంధ్రప్రదేశ్‌కూ వేర్వేరు ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టళ్లు. ఆర్డర్ సైజు పెద్దది, పోటీ పడేవాళ్లు తక్కువ, వస్తువు కాస్త ప్రత్యేకమైతే మార్జిన్ నిలబడుతుంది.

దీనికి ఖర్చు ముందే అవుతుంది. క్లాస్ 3 డిజిటల్ సిగ్నేచర్, మూడేళ్ల బ్యాలెన్స్ షీట్లు, సీఏ టర్నోవర్ సర్టిఫికెట్, టెస్ట్ రిపోర్టులు, అఫిడవిట్లు. కేంద్ర టెండర్లలో ఈఎండీ మామూలుగా 2 నుంచి 5 శాతం, గెలిచాక పర్ఫార్మెన్స్ సెక్యూరిటీ (పని పూర్తి చేస్తామనే హామీగా కట్టేది) 3 నుంచి 5 శాతం. మైక్రో, స్మాల్ తయారీదారులకు ఈఎండీ మినహాయింపు ఉన్నా సెక్యూరిటీ మాత్రం కట్టాల్సిందే, ఈ రెండూ ఒకటే అని చాలామంది అనుకుంటారు. 50 లక్షల ఆర్డర్‌కు 5 శాతం బ్యాంకు గ్యారంటీ అంటే 2.5 లక్షలు, దానికి బ్యాంకు అడిగే మార్జిన్ డిపాజిట్ వారంటీ తీరేదాకా కదలదు.

రాష్ట్ర శాఖల టెండర్‌కు వెళ్లే ముందు ఒక్క ప్రశ్నకు జవాబు సంపాదించండి: ఈ పనికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? కేంద్ర పథకం నిధా, రాష్ట్ర బడ్జెట్టా, ఆ సంస్థ సొంత ఆదాయమా? రాష్ట్ర బడ్జెట్ అయితే బిల్లు పాస్ అవడం ఒకటి, డబ్బు పడడం ఇంకొకటి. "టోకెన్ పడింది" (బిల్లు ట్రెజరీ వరుసలోకి చేరింది) అన్న మాట విని ఇంటికి వచ్చి నెలల తరబడి ఎదురుచూసినవాళ్లు ప్రతి పారిశ్రామికవాడలోనూ ఉన్నారు. ఆ ఆఫీసుకు అంతకుముందు సరుకు ఇచ్చిన ఇద్దరికి ఫోన్ చేసి "ఎన్నాళ్లకు వచ్చింది?" అని అడగండి. పోటీదారులే అయినా ఈ విషయంలో నిజమే చెప్తారు.

కోట్ చేసిన రేటు ఎన్ని రోజులు చెల్లాలి అన్నది కూడా చూడండి. 120 రోజులు అంటే ఈలోగా స్టీల్ రేటు పెరిగితే ఆ భారం మీదే, చిన్న సరఫరా ఆర్డర్లలో ధర సవరణ క్లాజ్ సాధారణంగా ఉండదు.

## పీఎస్‌యూలో వెండర్‌గా నమోదు

బీహెచ్‌ఈఎల్, బీడీఎల్, ఈసీఐఎల్, మిధాని లాంటి సంస్థల చుట్టూ బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లిలో చిన్న యూనిట్లు పెరిగింది ఈ దారిలోనే. విశాఖలో స్టీల్ ప్లాంటు, షిప్‌యార్డు చుట్టూ కూడా అంతే. డ్రాయింగ్ వాళ్లిస్తారు, కొన్నిసార్లు మెటీరియల్ కూడా వాళ్లే ఇస్తారు (గ్యారంటీ తీసుకుని), మీరు చేసి ఇవ్వాలి.

ఇందులోకి వెళ్లడం నిదానం. ఫ్యాక్టరీ చూడడానికి వస్తారు, మెషిన్ల జాబితా, కొలత పరికరాల క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్లు, ఐఎస్‌ఓ అడుగుతారు. మొదటి పీస్ చేసి ఇస్తే దాన్ని ప్రతి కొలతా చూసి పాస్ చేస్తారు, తేడా వస్తే మళ్లీ మొదటి నుంచి. రైల్వే భాగాలైతే చాలావాటికి ఆర్‌డీఎస్‌ఓ (రైల్వే వాళ్ల పరిశోధన, ప్రమాణాల సంస్థ) ఆమోదం కావాలి, ముందు డెవలప్‌మెంటల్ వెండర్‌గా కొద్ది క్వాంటిటీతో మొదలవ్వాలి. ఏడాది గడిచినా చేతికి పెద్దగా ఆదాయం రాకపోవచ్చు. ఆ ఏడాదిని మోయగలిగితే మాత్రం, నా లెక్కలో తయారీ యూనిట్‌కు ఇదే అన్నిటికంటే గట్టి పునాది. పోటీ ఇద్దరు ముగ్గురితోనే ఉంటుంది, ఆర్డర్ మళ్లీ మళ్లీ వస్తుంది, పనివాళ్ల చేతికి నైపుణ్యం వస్తుంది, ఆ నాణ్యత చూసి ప్రైవేటు కంపెనీలు కూడా వస్తాయి.

డబ్బు విషయంలోనూ కాస్త నయం, ఎందుకంటే పీఎస్‌యూ తన ఖాతా నుంచి చెల్లిస్తుంది, బడ్జెట్ విడుదల కోసం ఎదురుచూడాల్సిన పని లేదు. దానికి తోడు ట్రెడ్స్ ఉంది, అంటే ఇన్వాయిస్ మీద బ్యాంకుల నుంచి ముందే డబ్బు తెచ్చుకునే ఆన్‌లైన్ వేదికలు. కేంద్ర పీఎస్‌యూలు, 250 కోట్లు దాటిన టర్నోవర్ ఉన్న కంపెనీలు ఈ వేదికల మీద నమోదు కావాలని ప్రభుత్వం తప్పనిసరి చేసింది. మీ ఇన్వాయిస్‌ను కొనుగోలుదారు అక్కడ ఒప్పుకుంటే బ్యాంకులు దాని మీద వడ్డీ కోట్ చేస్తాయి, తక్కువ కోట్ తీసుకుంటే డబ్బు ఒకటి రెండు రోజుల్లో మీ ఖాతాలో. రేపు కొనుగోలుదారు చెల్లించకపోయినా బ్యాంకు మిమ్మల్ని అడగదు. మీడియం యూనిట్లకూ ఇది వర్తిస్తుంది. ఒక్క మెలిక, నమోదైనంత మాత్రాన మీ ఇన్వాయిస్‌ను ఒప్పుకోవాలని లేదు. అందుకని ఆర్డర్ తీసుకునేటప్పుడే వాళ్ల ఫైనాన్స్ వాళ్లను "ట్రెడ్స్‌లో ఇన్వాయిస్‌లు యాక్సెప్ట్ చేస్తున్నారా?" అని అడగండి.

ప్రమాదం ఎక్కడంటే, ఒకే పీఎస్‌యూ మీద ఆధారపడిపోవడం. వాళ్ల ఆర్డర్ బుక్ తగ్గితే మీ షెడ్డు ఖాళీ. నా స్నేహితుడికి టర్నోవర్‌లో పది వంతుల్లో తొమ్మిది వంతులు ఒకే చోటు నుంచి వచ్చేది. అక్కడ ఒక ప్రాజెక్టు ఆగితే ఎనిమిది నెలలు మెషిన్లకు గుడ్డలు కప్పి పెట్టాల్సి వచ్చింది.

## పెద్ద కంపెనీ కింద సబ్‌కాంట్రాక్ట్

కాగితాల పని తక్కువ, ఈఎండీ లేదు, పరిచయంతో మొదలవుతుంది, కొందరు అడ్వాన్స్ కూడా ఇస్తారు. కొత్తగా మొదలుపెట్టి, చేతిలో డబ్బు తక్కువ ఉండి, పని మాత్రం బాగా వచ్చినవాళ్లకు ఇది మంచి ప్రారంభమే.

కానీ పీఓలో, అంటే వాళ్లిచ్చే కొనుగోలు ఆర్డర్‌లో, ఒక లైన్ ఉంటుంది: "డిపార్ట్‌మెంట్ నుంచి మాకు పేమెంట్ వచ్చిన తర్వాత మీకు చెల్లిస్తాం." మేం దాని మీద సంతకం పెట్టి పదమూడు నెలలు తిరిగాం. అప్పుడు నాకు చట్టం తెలియదు. చిన్న పరిశ్రమల కోసం ఉన్న ఎంఎస్‌ఎంఈడీ చట్టం 15వ సెక్షన్ ప్రకారం మైక్రో, స్మాల్ సరఫరాదారుకు ఒప్పందంలో ఏం రాసుకున్నా 45 రోజులు దాటకూడదు, అసలు ఏమీ రాసుకోకపోతే 15 రోజులే. దాటితే ఆర్‌బీఐ బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెల నెలా చక్రవడ్డీ. ఆ లైన్ ఈ సెక్షన్‌ను కొట్టేయలేదు.

ఈ చట్టం ప్రభుత్వ శాఖలకూ వర్తిస్తుంది. అయినా ప్రైవేటు కంపెనీ మీదే దీని ఒత్తిడి ఎక్కువ అని నా అనుభవం, దానికి కారణం ఒక పన్ను నిబంధన. 2023 బడ్జెట్‌లో ఆదాయపు పన్ను చట్టంలోకి 43బి(హెచ్)గా వచ్చిన ఈ క్లాజ్ ప్రకారం మైక్రో, స్మాల్ యూనిట్‌కు గడువులోగా చెల్లించని మొత్తాన్ని ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోలేరు, చెల్లించిన ఏడాదిలోనే చూపించుకోవాలి. పన్ను కట్టని శాఖకు దీంతో పనిలేదు గానీ లాభాల్లో ఉన్న కంపెనీకి మార్చి వచ్చేసరికి వాళ్ల ఆడిటరే అడుగుతాడు. ఇన్వాయిస్ మీద ఉద్యమ్ నంబర్ పెద్ద అక్షరాల్లో అచ్చు వేయించండి.

ఇందులో నాకు అసలు నచ్చనిది వేరే. పని మీది, పేరు వాళ్లది. చాలా టెండర్లలో, అసలు యజమాని అయిన శాఖ ముందుగా ఆమోదించిన సబ్‌కాంట్రాక్టర్ అయితే తప్ప ఆ అనుభవాన్ని లెక్కలోకి తీసుకోరు. ఐదేళ్లు సబ్‌కాంట్రాక్టులు చేసినవాళ్లు సొంతంగా బిడ్ వేద్దామంటే చూపించడానికి ఒక్క సర్టిఫికెట్ ఉండదు. అందుకే పని మొదలయ్యే రోజునే, డిపార్ట్‌మెంట్‌కు మీ పేరు రాతపూర్వకంగా తెలియజేయమని అడగండి. కొందరు ఒప్పుకుంటారు, ఒప్పుకోకపోతే రేటులో ఆ విలువ కలుపుకోండి.

కొన్ని యూనిట్లు కలిసి కన్సార్షియంగా వేయడం, ఎన్‌ఎస్‌ఐసీ (జాతీయ చిన్న పరిశ్రమల కార్పొరేషన్) సింగిల్ పాయింట్ రిజిస్ట్రేషన్ తీసుకోవడం, ఇవి కూడా ఉన్నాయి. కొన్ని టెండర్లలో ఉద్యమ్‌తో పాటు ఎన్‌ఎస్‌ఐసీ సర్టిఫికెట్ ఉంటే సామర్థ్యం నిరూపించుకోవడం తేలిక. కన్సార్షియం మాత్రం మొదటి ఏడాది పెట్టుకోకండి, ఒకరు ఆలస్యం చేస్తే కోత అందరికీ పడుతుంది.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| | జెమ్ | ఓపెన్ టెండర్ | పీఎస్‌యూ వెండర్ | సబ్‌కాంట్రాక్ట్ |
|---|---|---|---|---|
| మొదలవడానికి పట్టే కాలం | కొద్ది రోజులు | కొన్ని నెలలు | ఏడాది దాకా | పరిచయం ఉంటే వెంటనే |
| ముందు పెట్టాల్సిన ఖర్చు | తక్కువ | ఎక్కువ | ఎక్కువ (మెషిన్లు, క్యాలిబ్రేషన్) | చాలా తక్కువ |
| రేటు మీద ఒత్తిడి | చాలా ఎక్కువ | వస్తువును బట్టి | మధ్యస్థం | పని ఇచ్చేవారి చేతిలో |
| డబ్బు దేని మీద ఆగుతుంది | సీఆర్‌ఏసీ | నిధుల విడుదల | ఇన్‌స్పెక్షన్ | పైవాళ్ల బిల్లు |
| ట్రెడ్స్ వీలు | కొనేది పీఎస్‌యూ అయితే | కొనేది పీఎస్‌యూ అయితే | బాగా ఉంది | కంపెనీ పెద్దదైతే |
| అనుభవం మన పేరున | వస్తుంది | వస్తుంది | వస్తుంది | ముందే అడిగితేనే |

## మీ పరిస్థితికి ఏది

యూనిట్ పెట్టి ఏడాది, రెండేళ్లే అయింది, ఓడీ చిన్నది. జెమ్‌లో చిన్న ఆర్డర్లు, పక్కన ఒక నమ్మకమైన కంపెనీ కింద సబ్‌కాంట్రాక్ట్. ఏ ఒక్క ప్రభుత్వ బిల్లూ మీ రెండు నెలల జీతాలు, అద్దె, కరెంటు కలిపిన మొత్తాన్ని దాటనివ్వకండి. అది ఆగినా షట్టర్ తెరిచే ఉండాలి.

మెషిన్లు బాగున్నాయి, పనివాళ్లు పాతవాళ్లు, ప్రైవేటు ఆర్డర్లతో ఇల్లు గడుస్తోంది. మీరు పీఎస్‌యూ వైపు వెళ్లండి. ఆ ఏడాది నిరీక్షణను మోసే శక్తి మీకుంది, అది లేనివాళ్లు రాలేరు కాబట్టే అక్కడ పోటీ తక్కువ. జెమ్ ఆక్షన్లలో మీ టైమ్ వృథా చేసుకోకండి.

మహిళ లేదా ఎస్సీ, ఎస్టీ యజమాని, తయారీ యూనిట్. కేంద్ర శాఖలు, కేంద్ర పీఎస్‌యూల వైపే ముందు చూడండి. 3 శాతం, 4 శాతం లక్ష్యాలు చేరుకోవాల్సిన బాధ్యత వాళ్లది, వెండర్ డెవలప్‌మెంట్ సమావేశాల్లో ఈ కోవ యూనిట్ల కోసం నిజంగానే వెతుకుతున్నారు. అయితే యాజమాన్యం కాగితాల మీద స్పష్టంగా ఉండాలి, పేరుకు భార్య, పని మాత్రం భర్త అన్న పద్ధతి పెట్టకండి, అది నిజంగా నడుపుతున్న ఆడవాళ్ల అవకాశాన్ని తీసేస్తుంది.

మీడియం యూనిట్. ఈఎండీ మినహాయింపు లేదు, 15 శాతం వెసులుబాటు లేదు, 45 రోజుల రక్షణ కూడా లేదు. మీ బలం బ్యాలెన్స్ షీట్. ఓపెన్ టెండర్‌లో మీరే ప్రధాన కాంట్రాక్టర్‌గా వేయండి, చిన్న యూనిట్లను కింద పెట్టుకోండి, వాళ్లకు 45 రోజుల్లో చెల్లించే లెక్క మీ రేటులోనే వేసుకోండి.

ట్రేడర్. జెమ్‌లో ఓఈఎం ఆథరైజేషన్‌తో (అసలు తయారీదారు అనుమతితో) అమ్మవచ్చు గానీ చిన్న తయారీదారుకు ఉండే ఏ రాయితీ మీకు రాదు, డబ్బు ఆగితే ఎంఎస్‌ఎంఈడీ చట్టం కిందికి వెళ్లడమూ కష్టం. కాబట్టి మార్జిన్ సన్నగా ఉన్న సరుకుతో, నిధుల మీద అనుమానం ఉన్న ఆఫీసుకు అస్సలు వెళ్లకండి.

సర్వీసులు, అంటే హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ, ఐటీ సపోర్ట్. మీకు లెక్క వేరు. సరుకు ఒకసారి ఇచ్చి ఆగడం కాదు, బిల్లు రాకపోయినా ప్రతి నెలా జీతాలు, పీఎఫ్, ఈఎస్‌ఐ కట్టాలి. మూడు నెలల జీతాల మొత్తం చేతిలో లేకుండా ఏ దారిలోనూ సంతకం పెట్టకండి.

## సరుకు దించే రోజు

ఏ దారిలో వెళ్లినా ఈ పని మాత్రం ఒకేలా చేయండి. చట్టం ప్రకారం 45 రోజుల లెక్క సరుకును అంగీకరించిన రోజు నుంచి మొదలవుతుంది. సరుకు అందిన 15 రోజుల్లోగా కొనుగోలుదారు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, సరుకు అందిన రోజునే అంగీకరించినట్టు లెక్క. కాబట్టి ఆ తారీఖున్న చలాన్ మీ దగ్గర ఉంటే, సర్టిఫికెట్ ఆలస్యం చేసినా మీ వడ్డీ లెక్క ఆగదు. దించిన రోజే ఫోటోలు తీసి, చలాన్ స్కాన్‌తో కలిపి ఆఫీసు ఈమెయిల్‌కు పంపండి. 16వ రోజున మర్యాదగా ఇంకో మెయిల్: "సరుకుపై అభ్యంతరం ఏదీ అందలేదు, బిల్లు ప్రాసెస్ చేయగలరు." 46వ రోజున వడ్డీ లెక్క చూపిస్తూ ఇంకొకటి. అప్పటికీ కదలకపోతే ఎంఎస్‌ఎంఈ మంత్రిత్వ శాఖ ఆన్‌లైన్ పోర్టల్‌లో దరఖాస్తు, అది ఇలాంటి బకాయిల గొడవలు తేల్చే మీ రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్తుంది. కౌన్సిల్ మీకు అనుకూలంగా తీర్పు ఇచ్చాక దాన్ని కోర్టులో సవాలు చేయాలంటే కొనుగోలుదారు ముందు 75 శాతం డిపాజిట్ చేయాలి.

ఇదంతా ఏ పేచీ లేకుండా వర్తించాలంటే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆర్డర్ కంటే ముందు తారీఖుతో ఉండాలి. తర్వాత చేసుకున్న రిజిస్ట్రేషన్‌తో పాత సరఫరాలకు ప్రయోజనం అడగలేమని 2021లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో చెప్పింది. ఇంకా చేసుకోకపోతే ఈ సాయంత్రమే కూర్చుని పూర్తి చేయండి, ఎన్‌ఐసీ కోడ్‌లు చేర్చేటప్పుడు మీరు వచ్చే రెండేళ్లలో చేయబోయే వస్తువులవి కూడా చేర్చండి.